కోళ్ల షెడ్డుకు ఇంటి నెట్

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది. 120 మీటర్ల దూరంలోని కోళ్ల షెడ్డులో సీసీ కెమెరాలకు వైఫై అందడం లేదు. రిపీటర్ కొనమంటారా?

జవాబు: వద్దండీ. ఇనుప రేకులు, జాలీ సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. రిపీటర్‌కు పెట్టిన డబ్బు దండగే. ల్యాన్ కేబుల్ లాగుదామన్నా దాని హద్దు 100 మీటర్లే.

ఇంటి మీంచి షెడ్డు సూటిగా కనిపిస్తుంటే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి జత తీసుకోండి. ఒకటి పిట్టగోడ మీద, రెండోది షెడ్డు బయట ఎత్తైన పైపుకు బిగించి, ఎదురెదురుగా తిప్పాలి. మధ్యలో వేపకొమ్మలు అడ్డొస్తే సిగ్నల్ పడిపోతుంది. ఇప్పుడు బాగున్నా, ఉగాదికి వేప చిగురించాక మళ్లీ చూసుకోండి. షెడ్డు లోపల చిన్న యాక్సెస్ పాయింట్ పెట్టి 2.4 గిగాహెర్ట్జ్ ఆన్ చేయండి. చాలా కెమెరాలు దానికే కలుస్తాయి.

చెట్లు దట్టంగా ఉంటే ఫైబర్ కేబులే దారి. రెండు కొసలా మీడియా కన్వర్టర్లు చాలు. గాజుతీగలో కరెంటు పారదు కనుక దాని వెంట పిడుగు దెబ్బ రౌటర్ దాకా రాదు. కొనే చోట ఉక్కుతీగ లేని రకమే అడగండి. మన వైపు చాలా చేలల్లో కాస్త తవ్వితేనే బండ తగులుతుంది. అందుకని కేబుల్‌ను భూమిలో పూడ్చలేకపోతే సొంత గుంజలు పాతి లాగండి. కరెంటు స్తంభాలకు మాత్రం కట్టకండి, ప్రాణాలకే ముప్పు.