ఊటీలో పప్పు ఎందుకు ఉడకదు?

విద్యార్థులారా! వరుసగా మూడు రోజులు సెలవులొచ్చాయి. నాచారంలోని ఒక కుటుంబం ఊటీ ప్రయాణం కట్టిందనుకోండి. వర్కీలు, వేడివేడి బజ్జీలు అక్కడే తినాలని పిల్లల కోరిక. పప్పన్నం మాత్రం బసలోనే వండాలని తల్లి ఆలోచన. కుక్కరు బరువని మామూలు గిన్నె సర్దారు. పొరపాటు అక్కడే జరిగింది.

నీటి బాష్పపీడనం బయటి గాలి పీడనంతో సమానమైనప్పుడు నీరు మరుగుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. సుమారు 300 మీటర్లకు మరుగు స్థానం ఒక డిగ్రీ సెంటీగ్రేడు తగ్గుతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. కనుక మన ఇళ్లలో నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. (పరీక్షలో 100 అనే రాస్తాం, అది వేరే సంగతి!) ఊటీ ఎత్తు సుమారు 2,240 మీటర్లు. అక్కడ 92, 93 డిగ్రీలకే నీరు తెర్లుతుంది. మంట ఎంత పెంచినా వేడి అంతకు మించదు. గ్యాసు మాత్రం ఖర్చవుతుంది, కందిపప్పు పలుకుగానే ఉంటుంది.

కుక్కరు మీది బరువు ఆవిరిని ఆపి, లోపలి పీడనాన్ని బయటికన్నా సుమారు ఒక వాతావరణం మేర పెంచుతుంది. అందుచేత ఊటీలోనూ లోపల 115 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మరి వర్కీ, బజ్జీ? బేకరీ పొయ్యిలోని వేడిగాలికి, కాగిన నూనెకు ఈ హద్దు లేదు.

ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది కదా! అలనాటి సర్వేయరు నైన్ సింగ్ 1866లో లాసా చేరి, నీరు మరిగే ఉష్ణోగ్రతను బట్టే ఆ నగరం ఎత్తు లెక్కగట్టాడు. మీరూ మాస్టారి సమక్షంలో ఉప్పల్ ఎత్తు కట్టి చూడండి. థర్మామీటరు జాగ్రత్తగా చదవాలి సుమా, ఒక్క డిగ్రీ తప్పితే 300 మీటర్లు తప్పుతారు.