లారీ ఇంజనులో బొర్రా గుహ

ఈసారి గోడపత్రికకి నన్ను సైన్సు వ్యాసం రాయమన్నారు. పుస్తకంలోది చూసి రాయకుండా, దసరా సెలవుల్లో నేను కళ్లారా చూసింది రాస్తున్నాను. తప్పులుంటే క్షమించండి.

మా మావ లారీ డ్రైవరు. లారీ ఆయనది కాదు, ఓనరుది. ఇంజను ముక్కులాగ ముందుకి ఉండే పాత రకం బండి. శృంగవరపుకోట నుంచి రేషను బియ్యం మన కొండ మీదికి తెస్తాడు. దిగేటప్పుడు అల్లం, పనసకాయలు వేసుకెళ్తాడు. దసరా ముందు నుంచి ఆ బండి అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కలేకపోయింది. నాలుగు మలుపులు తిరిగేసరికి వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటేది. మావ బండి ఆపి, చల్లారేదాకా కూర్చుని, గెడ్డ నీళ్లు పోసి మళ్లీ కదిలేవాడు.

ఒక మెకానిక్ చూసి "ఇంజను పనైపోనాది, మొత్తం విప్పాల" అన్నాడు. ఆ ఖర్చు నీ జీతంలో కోస్తానని ఓనరు అన్నాడు. ఆ రాత్రి మావ అన్నం తినలేదు. నాకు నోటుపుస్తకాలు కొనేది మా మావే. అందుకని నాకూ భయం వేసింది.

మర్నాడు మావ కోటలో ఒక ముసలి మేస్త్రి దగ్గరికి బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. "ఆడపిల్లకి లారీ షెడ్డులో పనేటి?" అంది అత్త. "సదువుకున్న గుంట, రానీ" అన్నాడు మావ.

మేస్త్రి ముందు పానా ముట్టలేదు. ప్రశ్నలు అడిగాడు. నీళ్లు కారుతున్నాయా? ఫ్యాన్ బెల్టు వదులైందా? రేడియేటర్ ముందు బురద, ఆకులు అడ్డం పడ్డాయా? నీటి పంపు ఊగుతోందా? అన్నీ చూశాడు, అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు చల్లారిన ఇంజనుని స్టార్ట్ చేయించాడు. ముల్లు బాగా పైకి లేచాక ఇంజను ఆపించి, రేడియేటర్‌కి వెళ్లే పై పైపు మీద చెయ్యి వేశాడు. నన్నూ వెయ్యమన్నాడు. ఇంజను సెగలు కక్కుతోంది, పైపు మాత్రం గోరువెచ్చగా ఉంది! "సూసినావా అమ్మా, వేన్నీళ్లు బయటికి రావట్లేదు. తలుపు మూసుకుపోనాది" అన్నాడు.

ఆ తలుపు పేరు థర్మోస్టాట్. ఇంజనులో వేడెక్కిన నీళ్లు రేడియేటర్‌లోకి వెళ్లి చల్లబడి మళ్లీ ఇంజనులోకి రావాలి. కాని పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజను ముందు వేడెక్కాలి కదా. అందాకా ఈ తలుపు మూసుకుని ఉంటుంది. వేడెక్కాక తెరుచుకుంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు. లోపల ఇత్తడి గుండులో మైనం ఉంటుంది. మైనం కరిగితే ఉబ్బి, సూదిని తోసి, తలుపు తెరుస్తుంది. చల్లారితే స్ప్రింగు దాన్ని మూస్తుంది. ఈ రకం థర్మోస్టాట్‌ని 1934లో సెర్జియస్ వెర్నెట్ అనే ఆయన కనిపెట్టాడు. మైనం ఉబ్బుతుందంటే నమ్మకపోతే, కరెంటు పోయిన రాత్రి డబ్బా మూతలో కరిగిన కొవ్వొత్తిని తెల్లారి చూడండి. గట్టిపడ్డాక మధ్యలో గుంట పడి ఉంటుంది.

మార్చే పద్ధతి ఇది:

1. ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకూడదు. ప్రెషర్ కుక్కర్‌లాగే లోపల ఒత్తిడి ఉంటుంది. మూత తియ్యగానే నీళ్లు ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి.
2. రేడియేటర్ కింది కుళాయి తిప్పి నీళ్లు దించాలి.
3. పై పైపు క్లిప్పు వదులు చేసి, దాని వెనక మూత బోల్టులు విప్పి, పాత థర్మోస్టాట్ తియ్యాలి.
4. పాత ప్యాకింగ్ ముక్కలు గీకెయ్యాలి. లోపల పడకుండా గుడ్డ అడ్డం పెట్టాలి.
5. కొత్తదాన్ని మైనం గుండు ఇంజను వైపు ఉండేలా పెట్టాలి. గాలి పోయే చిన్న చిల్లు పైకి ఉండాలి.
6. కొత్త ప్యాకింగ్ వేసి బోల్టులు మార్చి మార్చి సమంగా బిగించాలి. ఒకటే బిగిస్తే మూత పగులుతుంది.
7. నీళ్లు నెమ్మదిగా పోసి, స్టార్ట్ చేసి, కారడం లేదని చూడాలి. పై పైపు మొదట చల్లగా ఉండి, తరవాత వేడెక్కితే తలుపు తెరుచుకున్నట్టే.

బిగించే ముందు మేస్త్రి పాతదాన్నీ కొత్తదాన్నీ దారంతో కట్టి, డబ్బాలో మరిగే నీళ్లలో వేలాడదీశాడు. కొత్తది నోరు తెరిచింది. పాతది తెరవలేదు. దాని మీద ఏదో చెక్కి ఉంది, మేస్త్రికి కళ్లు ఆనలేదు, మావకి చదువు రాదు. నేను చదివి చెప్పాను: 82. అంటే 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. కొత్తదాని మీదా అదే ఉందని చూశాకే బిగించారు.

"ఇది తీసేసి ఊరికే నడిపితే?" అని మావ అడిగాడు. చాలామంది అలాగే చేస్తారట. అప్పుడు చలికాలం మన కొండ మీద ఇంజను సరిగ్గా వేడెక్కదు, డీజిల్ సరిగా మండదు, తెల్ల పొగ వస్తుంది, ఇంజను తొందరగా అరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పాత థర్మోస్టాట్ నిండా తెల్లటి పెచ్చు కట్టింది. నేను ఇంటికి తెచ్చి నిమ్మరసం పిండితే బుడబుడమని బుడగలొచ్చాయి. సున్నపురాయి కూడా అలాగే పొంగుతుంది! మన బొర్రా గుహలు సున్నపురాయివి. సున్నపురాయి కరిగిన నీళ్లు గుహలో చుక్క చుక్క కారి, ఎన్నో వేల ఏళ్లకి రాతి ఊడల్లాగ వేలాడుతున్నాయి. మావ ఈ కొండల గెడ్డ నీళ్లే ఇంజనులో పోసేవాడు. మనం చదివిన కఠిన జలం అదే. మరిగితే అందులోని కాల్షియం బైకార్బొనేటు విరిగి కార్బొనేటు పెచ్చుగా మిగులుతుంది. నీళ్లు ఆవిరైన కొద్దీ పోశాడు, పెచ్చు పెరిగింది. గుహకి వేల ఏళ్లు పట్టిన పని వేడి ఇంజనులో తొందరగా అయిపోయింది.

ఇంజను విప్పలేదు, జీతం కొయ్యలేదు. రేడియేటర్ కడిగించాక మావ ఇప్పుడు వాన నీళ్లు పట్టి, కూలెంటు కలిపి పోస్తున్నాడు.

పాత థర్మోస్టాట్ ఈ పత్రిక కింద మేకుకి కట్టాను. సైన్సు సారు థర్మామీటరు ఇస్తే వేన్నీళ్లలో పెట్టి చూశాం, తెరవనే లేదు. నీళ్లు మాత్రం 97, 98 మధ్యే మరిగాయి, 100 దగ్గర కాదు. ఎందుకో చెప్పగలరా? తెలిసినవాళ్లు వచ్చే సంచికకి రాయండి. థర్మోస్టాట్‌ని చూసి మళ్లీ మేకుకే తగిలించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, బొర్రా