మెదడుకు తీగ కలిపితే – మనిషికీ పశువుకూ మేలెంత? కీడెంత?



ఈ పుటలో మనం సాధారణంగా దాణా, పచ్చిమేత, పొదుగువాపు, పాల పరీక్ష వంటి విషయాలు చెప్పుకుంటాము. ఈసారి పాఠం కొంచెం కొత్తది. మెదడులోకి సన్నని తీగలు పంపి అక్కడి సంకేతాలను చదివే యంత్రాలు, మెదడుకు బయటి నుంచి ఆజ్ఞలు పంపే యంత్రాలు లోకంలోకి వస్తున్నవి. వాటి వలన మనుషులకు, పశువులకు ఏమి జరగవచ్చునో తెలుసుకుందాము.

"పాలు పోసుకునే మనకు ఈ గొడవ దేనికి?" అని కొందరు అడగవచ్చు. దీనికి జవాబు సీతమ్మధార రైతుబజారు దగ్గర మాకు దొరికింది. ఆ జవాబులో మా తప్పు కూడా ఉన్నది. ముందుగా అదే చెప్పి పాఠంలోకి వెళ్తాము.

చేపని గేదె

సీతమ్మధారలో ఇప్పుడు పశువుల పాకలకంటె మేడలే ఎక్కువ. అయినా ఆనందపురం, పెందుర్తి, సబ్బవరం వైపు నుంచి రైతులు రైతుబజారుకు వచ్చిపోతూ ఉంటారు. వారిలో పాడి ఉన్నవారితో కూర్చుని మాట్లాడడం మాకు అలవాటు. ఒకనాడు ఒక సభ్యురాలు వంకాయల గంప దించి, "గేదె నాలుగు రోజులనుంచి చేపనంటోంది బాబూ. దూడ బాగానే ఉంది. చెయ్యి వేస్తే తన్నేస్తోంది" అన్నది.

మేము పెద్దగా ఆలోచించలేదు. "పొగరు పట్టింది కాబోలు, చేపుకు ఇంజక్షను ఉంటుంది కదా" అని మాలో ఒకరు అన్నారు. మిగిలినవారం కాదనలేదు. ఆమె ఎవరి చేతనో ఆ సూది వేయించింది. గేదె చేపింది, పాలు వచ్చినవి. వారం దినాలు అట్లాగే గడిచినవి. తర్వాత ఒక చన్ను గట్టిపడి, పాలు విరిగినట్లు రాసాగినవి. పశువైద్యుడు వచ్చి చూసి, పొదుగువాపు చాలా రోజుల కిందటే లోపల మొదలైందని చెప్పాడు. ఆ చన్ను మరి పనికి రాలేదు.

గేదెకు పట్టింది పొగరు కాదు, నొప్పి. ఆ సంగతి తనకు చేతనైన ఒకే ఒక్క విధంగా, అనగా పాలు బిగబట్టి చెప్పింది. మేము వైద్యుని పిలవమని చెప్పవలసినచోట సూది మాట చెప్పాము. సూది గేదె నోరు మూసింది. ఈ పాఠమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుందని గమనించగలరు.

చేపు పుట్టేది పొదుగులో కాదు, మెదడులో

దూడ మూతితో కుమ్మినప్పుడు, మనం పొదుగు కడిగి చేతితో రాసినప్పుడు ఆ స్పర్శ నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. మెదడు అడుగున వేలాడే ఒక చిన్న గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే రసం రక్తంలోకి దిగుతుంది. అది రక్తంతోపాటు పొదుగును చేరి, పాల తిత్తుల చుట్టూ ఉండే కండరాలను బిగిస్తుంది. అప్పుడు పాలు చన్నులకు దిగుతాయి. దానినే మనం చేపు అంటాము. గేదెల పాలలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఈ తిత్తులలోనే ఉంటాయి. చన్నుపైని గదిలో నిలువ ఉండేది బహు స్వల్పం. కావున చేపని గేదెను ఎంత పిండినా ఫలితం ఉండదు. ఈ రసం పనిచేసేది కొద్ది నిమిషాలు మాత్రమే. చేపు వచ్చిన తర్వాత ఆలస్యం చేయరాదనేది అందుకే.

1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే శాస్త్రజ్ఞులు ఈ సంగతిని పరీక్షించి చూశారు. పాలు పితికే వేళ ఆవు వీపుపై పిల్లిని ఉంచి, పక్కన కాగితపు సంచులు పేల్చారు. బెదిరిన ఆవు చేపలేదు. భయం వేసినప్పుడు పుట్టే అడ్రినలిన్ అనే మరొక రసం చేపును అడ్డుకుంటుందని వారు తేల్చారు. పాలు తీసే చోట కేకలు వేయరాదు, కర్ర ఎత్తరాదు అని మన పెద్దలు చెప్పినదానికి శాస్త్ర కారణం ఇదే.

1953లో ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారు చేయగలిగారు. ఆ పని చేసిన డు విన్యో అనే శాస్త్రజ్ఞునికి 1955లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మందు చెడ్డది కాదు. కాన్పు సమయంలో ఎందరో తల్లుల ప్రాణం నిలిపే మందు అది. పశువైద్యులు కూడా అవసరాన్నిబట్టి వాడతారు. కాని దానిని పూటపూటా పాలకోసం వాడితే పశువు అలవాటు పడి, సూది లేనిదే చేపని స్థితికి వస్తుంది. వైద్యుని చీటీ లేకుండా ఈ మందు అమ్మరాదు. పాలు పెంచడానికి పశువు ఆరోగ్యం చెడే సూదిమందు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఇప్పుడు ఆలోచించండి. మెదడు పంపవలసిన ఆజ్ఞను మెదడును అడగకుండా బయటినుంచి పంపడమే ఈ సూది చేసే పని. కొత్త యంత్రాలలో కొన్ని చేసేది కూడా అదే. కావున ఈ విద్య మన పాకకు పూర్తిగా కొత్తది కాదు.

మెదడు మాట వినే యంత్రాలు

మెదడులో కోట్లాది నరకణాలు స్వల్పమైన విద్యుత్తుతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. జర్మనీ దేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారిగా మనిషి తలపై నుంచి ఆ విద్యుత్తును కాగితంపై గీతలుగా పట్టుకున్నాడు. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి పెద్ద ఆసుపత్రులలో తలకు తీగలు అంటించి తీసే పరీక్ష దానినుంచి వచ్చినదే.

తలపై నుంచి వినడం గోడ అవతలి మాటలు వినడం వంటిది, స్పష్టంగా ఉండదు. అందుచేత శాస్త్రజ్ఞులు తీగలను మెదడులోపలికే పంపారు. 2004లో అమెరికాలో కాళ్లు చేతులు పడిపోయిన ఒక యువకుడు ఇటువంటి సాధనంతో కంప్యూటరు తెరపై గురుతును కేవలం తలపుతో కదిపాడు. న్యూరాలింక్ అనే కంపెనీ 2024 జనవరిలో ఒక మనిషికి మొదటిసారిగా తమ సాధనాన్ని అమర్చింది. వెంట్రుక కంటె సన్నని 64 దారాలు, వాటిమీద 1,024 విద్యుత్ మొనలు ఉన్న సాధనం అది. భుజాలనుంచి కిందికి చలనం లేని ఆ మనిషి దానితో చదరంగం ఆడాడు. కొన్ని వారాలలోనే చాలా దారాలు మెదడునుంచి బయటికి జారినవి. లెక్కకట్టే పద్ధతిని మార్చి పని నడిపించారు.

దీనికి ముందు భారం మోసినవి మూగజీవాలే. అదే కంపెనీ 2020లో పందులలో, 2021లో ఒక కోతిలో తమ సాధనాన్ని చూపింది. మెడ రక్తనాళం గుండా మెదడుకు తీగ పంపే మరొక పద్ధతిని ఆస్ట్రేలియాలో ముందు గొర్రెలలో పరీక్షించారు. ఆ ఫలితాలు 2016లో వెలువడగా, 2019లో మొదటి మనిషికి అమర్చారు. రేపు ఒక పక్షవాత రోగి మాట్లాడగలిగితే అందులో ఆ గొర్రెల పాలు కూడా ఉన్నది.

మెదడుకు ఆజ్ఞ ఇచ్చే యంత్రాలు

1963లో స్పెయిన్ దేశంలోని కోర్డోబాలో హోసె డెల్గాడో అనే శాస్త్రజ్ఞుడు ఒక పోట్ల ఎద్దు మెదడులో ముందుగా తీగలు అమర్చి, తాను దాని ఎదుట నిలబడ్డాడు. ఎద్దు కొమ్ములు వంచి మీదికి వచ్చింది. ఆయన చేతిలోని రేడియో మీట నొక్కాడు. ఎద్దు ఆగి పక్కకు తిరిగింది. ఎద్దు కోపం చల్లారిందని పత్రికలు రాసినవి. కోపం చల్లారలేదు, కాళ్లు మాత్రమే తిరిగినవి అని మరికొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. పశువును ఎరిగిన మనకు ఆ రెండింటికి తేడా తెలుసు. పలుపు బిగించి కట్టిన ఎద్దు శాంతించిన ఎద్దు కాదు కదా!

2002లో న్యూయార్క్‌లో ఎలుకల మెదడులో తీగలు పెట్టి, కంప్యూటరు దగ్గర కూర్చున్న మనిషి చెప్పినట్లు కుడికి ఎడమకు నడిపించారు. చెప్పినట్లు తిరిగినప్పుడల్లా మెదడులో సంతోషం కలిగే చోట చిన్న విద్యుత్తు ఇచ్చారు. కూలిన ఇళ్ల కింద చిక్కుకున్నవారిని వెదికించడం వారి ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని ఆ ఎలుక తనకు ఇష్టమై తిరిగిందా, తిప్పితే తిరిగిందా? దాని బాధ దాని నడకలో కనబడదు. మనం ఆగి ఆలోచించవలసినది ఇక్కడనే.

మనిషికి జరిగిన మేలు, మిగిలిన చిక్కు

ఆజ్ఞ ఇచ్చే యంత్రాలన్నీ చెడ్డవని మేము అనడం లేదు. పుట్టు చెవుడు ఉన్న పసిపిల్లలకు లోపలి చెవిలో తీగ అమర్చి వినికిడి నరానికి సంకేతం పంపే సాధనం ఉన్నది. మన రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద చిన్నపిల్లలకు ఈ శస్త్రచికిత్స చేయించారు. పేద ఇంటి బిడ్డ అమ్మ పిలుపు విన్నది. వణుకుడు జబ్బు ఉన్నవారికి మెదడు లోతున తీగ పెట్టి వణుకు తగ్గించే చికిత్సను 1987లో ఫ్రాన్సులో డాక్టర్ బెనాబిడ్ ఆరంభించాడు. అది నేడు మన దేశంలో కూడా చేస్తున్నారు. వైద్య పరికరాల తయారీకోసం 2018లో మన విశాఖలోనే మెడ్‌టెక్ జోన్ ప్రారంభమైనది.

చిక్కు ఎక్కడంటే, శరీరంలో పెట్టిన యంత్రాన్ని పాలకేంద్రంలోని పరీక్ష యంత్రంలాగా మరమ్మతుకు పంపలేము. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ చూపు లేనివారికి కంటి లోపల అమర్చే సాధనం తయారు చేసింది. 350 మందికి పైగా అమర్చుకున్నారు. 2020 నాటికి కంపెనీ ఆర్థికంగా దెబ్బతిని, ఆ సాధనానికి సేవలు నిలిచిపోయినవి. యంత్రం ఆగితే బాగు చేసే దిక్కు లేక వారు మళ్లీ చీకటిలో మిగిలారు.

రెండవ చిక్కు మెదడు సంకేతాలు ఎవరి సొత్తు అనేది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశం 2021లో మెదడు వ్యాపారాన్ని, దానినుంచి వచ్చే సమాచారాన్ని కాపాడాలని తన రాజ్యాంగంలోనే రాసుకున్నది. 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఒక పౌరుని మెదడు సమాచారాన్ని తుడిచివేయమని ఒక కంపెనీని ఆదేశించింది. మనిషికి కోర్టుకు వెళ్లే దారి ఉన్నది. గేదెకు ఆ దారి లేదు. దాని తరఫున మాట్లాడవలసినది దానిని కట్టుకున్న మనమే.

రేపు మన పాకలోకి ఏమి రావచ్చు?

మన పశువుల చెవికి 12 అంకెల పసుపు పోగు ఇప్పటికే వచ్చింది. పెద్ద డెయిరీలలో పశువు మెడకు కట్టే పట్టీలు ఎన్నిసార్లు నెమరు వేసినది, ఎంత తిరిగినది లెక్కకట్టి, ఎదకు వచ్చిందో, జబ్బు పడబోతోందో చెబుతున్నవి. మూగ ఎద వలన ఈతలు ఆలస్యమై నష్టపోయే గేదెల రైతుకు ఇటువంటి సాధనం చౌకగా దొరికితే మేలే. ఇది పశువు మాట వినే యంత్రం.

నార్వేలో మేకల మెడకు కట్టిన పట్టీ హద్దు దాటబోతే ముందు శబ్దం చేసి, వినకపోతే చిన్న షాకు ఇస్తుంది. కంచె లేకుండా మేపుకునే ఏర్పాటు అది. రష్యాలో 2019లో మాస్కో పరిసరాలలో ఆవుల కళ్లకు పచ్చిక బయళ్లు కనిపించే కళ్లజోళ్లు కట్టి చూశారు. ఆవుల ఆందోళన తగ్గిందని అక్కడివారు ప్రకటించారు. కంటికి పచ్చిక చూపి కడుపుకు ఎండుగడ్డి వేస్తే ఎన్నాళ్లు సాగుతుందో మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. చనిపోయిన దూడ చర్మంలో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టినవారం మనం. ఆ కళ్లజోడు మనకు ఎరుగని విద్య కాదు.

ఈ దారిలోనే రేపు మీట నొక్కితే చేపే పట్టీ, తన్నకుండా చేసే పట్టీ అంటూ అమ్మకానికి రావచ్చు. అప్పుడు ఆ నాలుగు రోజులు చేపని గేదెను తలచుకోవలెను.

కొనే ముందు మూడు ప్రశ్నలు

ఒకటి: ఈ యంత్రం పశువు మాట మనకు వినిపిస్తుందా, లేక పశువు నోరు మూస్తుందా? వినిపించేదైతే ఆలోచించవచ్చు. నోరు మూసేదైతే, పశువు దాచిన జబ్బు రేపు మన నష్టంగా బయటపడుతుంది.

రెండు: దీనిని తీసివేస్తే పశువు మునుపటిలాగా ఉంటుందా? సూదికి అలవాటు పడిన గేదె సూది లేనిదే చేపదు. తీయడానికి వీలుకాని సాధనాన్ని కట్టరాదు.

మూడు: కంపెనీ మూతపడితే బాగు చేసేదెవరు? పోగయిన లెక్కలు ఎవరివి? మన పశువు పాలు మనవి అయినట్లే, దాని లెక్కలు కూడా మనవి కావలెను. ఇటువంటివి ఒక్కొక్కరు విడిగా కొనక, సంఘం తీర్మానంతో, పశువైద్యుని సలహాతో, రాతపూర్వకమైన షరతులతో తీసుకొనుట మంచిది.

రైతుబజారు దగ్గరి ఆ సభ్యురాలికి మేము తర్వాత తప్పు ఒప్పుకున్నాము. "పోనిద్దురూ, అది చెబుతూనే ఉంది, మనమే వినలేదు" అని ఆమె అన్నది. మిగిలిన మూడు చన్నుల గేదెకు ఇప్పుడు పాలు తీసేముందు పొదుగు కడిగి, నాలుగు చన్నుల పాలూ ఉన్నట్లే ఓపికగా రాసి, అది చేపేదాకా కూర్చుంటున్నదట. ఒక పూట చేపకపోతే సూదికి పరుగెత్తక, ఎందుకు చేపలేదో వెదుకుతున్నది.

సంఘ సమావేశంలో చర్చకు

1. మీ సంఘంలో చేపుకు ఇంజక్షను వాడకం ఉన్నదా? ఉంటే మానడానికి ఏమి చేయగలరు?

2. పశువు చేపనప్పుడు చూడవలసిన కారణాలు ఏవి? పొదుగు నొప్పి, భయం, దూడ లేకపోవడం, పాలు తీసే మనిషి మారడం – ఒక్కొక్కదానికి మీ అనుభవం చెప్పండి.

3. పశువుకు కట్టే ఏ కొత్త సాధనమైనా కొనే ముందు సంఘం ఏయే షరతులు రాయించుకోవలెను?