ఆకలేశాక ఆలోచించొద్దు

సాయంత్రం క్లాసులు వదిలే వేళకి విశాఖ ద్వారకా నగర్ లైన్లు పిల్లలతో నిండిపోతాయి. కాంప్లెక్స్‌లో బస్సు అందుకోవాలని కొందరు, పబ్లిక్ లైబ్రరీలో సీటు దొరకాలని కొందరు. కడుపులో మాత్రం అందరికీ ఆకలే. ఎదురుగా పునుగుల మూకుడు, పక్కనే నూడుల్స్ పెనం. ‘ఇకనుంచి సాయంత్రాలు సలాడే’ అన్న శపథం ఆ వాసన ముందు ఎంతసేపు నిలుస్తుంది?

నిలవదు. అందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. ఆకలి మీదున్నప్పుడు చేతికి ఏది అందితే అదే తింటాం. ఏం తినాలో కడుపు నిండుగా ఉన్నప్పుడే తేల్చేసుకోవాలి.

ఆర్కే బీచ్‌లో ముంత మసాలా బండి దగ్గర ఓ నిమిషం నిలబడి చూడండి. చుట్టూ ఎంతమంది మూగినా బండి ఆయన తడబడడు. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి ముందే తరిగి పెట్టుకుంటాడు. మరమరాలు, పల్లీలు, కారం డబ్బాలో పడతాయి. ఆఖరున నిమ్మచెక్క పిండి, గరిటెతో టకటకా తిప్పి పొట్లంలో పోస్తాడు. నిమ్మరసం ముందే పడితే మరమరాలు మెత్తబడిపోతాయి మరి! తరగడం ముందు, తడి చివర. ఇంట్లో సలాడ్‌కీ ఇవే సూత్రాలు.

సీసా నింపి పెట్టుకోండి. సలాడ్ మీద ఆఖరున పోసుకోవడానికి, సెలవు రోజున ఓ చిన్న గాజుసీసాలో రెండు వంతుల పప్పునూనె, ఒక వంతు నిమ్మరసం పోయండి. మిరియాల పొడి, చిటికెడు ఆవపిండి వేసి, మూత బిగించి గట్టిగా గిలక్కొట్టండి. నూనె, రసం వెంటనే విడిపోకుండా ఆవపిండి పట్టి ఉంచుతుంది. పాశ్చాత్యులు ఒక వంతు పులుపుకి మూడు వంతుల నూనె వాడతారు. మన నాలుకకి పులుపు కాస్త ఎక్కువే కావాలి. ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. నూనె ఎందుకంటారా? క్యారెట్‌లోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొద్దిగా కొవ్వు ఉండాలి.

గిన్నెలో మన సరుకే వేయండి. సీతమ్మధార రైతుబజారులో దొరికే కీరా, క్యారెట్, టమాటా చాలు. శ్రీరామనవమికి నానబెట్టే వడపప్పు ఏడాదంతా నానబెట్టుకోవచ్చు. ఉడికించిన శనగలైనా సరే. పప్పులోని ఇనుము ఒంటబట్టడానికి నిమ్మలోని సి విటమిన్ తోడ్పడుతుంది. కీరా ముక్క కొరికి చేదు చూశాకే తరగండి. ఉప్పు మాత్రం తినే ముందు చల్లండి. ముందే వేస్తే కూరముక్కలు నీరు వదిలి గిన్నెంతా చెరువవుతుంది.

ఫ్రిజ్ లేదనకండి. హాస్టల్ గదిలో ఉంటే వేయించిన పల్లీలు, జీలకర్ర, ఎండుమిర్చి కలిపి బరకగా పొడి కొట్టించి, తడి తగలని డబ్బాలో పోసుకోండి. కీరా శుభ్రంగా కడిగి అప్పటికప్పుడు తరిగి, పొడి, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండితే సరి. విశాఖ ఉక్కపోతలో పొద్దున తరిగిన ముక్కల్ని సాయంత్రం దాకా బయట ఉంచొద్దు.

వేళకి ముడిపెట్టండి. ‘ఇది జరగగానే అది చేస్తా’ అని ముందే అనుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించారు. ‘రోజూ సలాడ్ తింటా’ అంటే గాల్లో మాట. ‘గదికి రాగానే, ఫోన్ ముట్టుకోకముందే కీరా తరుగుతా’ అనుకోండి. అప్పుడు అది పనవుతుంది.

అతి చేయొద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల ఆహారంలో రోజుకి 400 గ్రాముల కూరగాయలు ఉండాలి. అంతా పచ్చిగానే తినక్కర్లేదు. పప్పులో తోటకూర, పులుసులో ముల్లంగి కూడా లెక్కే. పునుగులకి జన్మలో దూరమని ఒట్టు పెట్టుకోనూ అక్కర్లేదు. సలాడ్ తిన్నాక నాలుగు తినండి, పన్నెండు తినాలనిపించదు.

చదువైనా, డబ్బైనా, నిద్రైనా కిటుకు ఇదే. కష్టమైన వేళకి కావలసింది తేలికైన వేళలో సిద్ధం చేసుకుంటే, రోజూ మనసుతో కుస్తీ పట్టే పని తప్పుతుంది. ఆ అలవాటు సలాడ్‌తో మొదలుపెట్టండి. పెట్టుబడి ఓ ఖాళీ సీసా, రెండు నిమ్మకాయలు!