బిల్డ్ చేతికి ఎంత అధికారం?

అమ్మలూ,

కొత్త టీమ్‌లో బిల్డ్, రిలీజ్ పనంతా నీ చేతికే వచ్చిందని అన్నయ్య చెప్పాడు. చాలా సంతోషం. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ముందు ఏం చూడమంటావు బాబాయ్ అని అడిగావు కదా. బిల్డ్ వేగం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఏ జాబ్‌కి ఏ అధికారం ఉందో తీరిగ్గా కూర్చుని చదువు. ఈ పని నీకు ఎవరూ టికెట్ వేసి అప్పగించరు, నువ్వే పూనుకోవాలి.

ప్రతి జాబ్ మొదలయ్యేటప్పుడు గిట్‌హబ్ దానికో టోకెన్ ఇస్తుందని నీకు తెలుసు. జాబ్ అయిపోగానే అది చెల్లదు. కాసేపటికే కదా అనిపిస్తుంది గానీ, రైట్ అధికారం ఉంటే కోడ్ మార్చేసి రిలీజ్ తారుమారు చేయడానికి ఆ కాసేపే చాలు. కొత్తగా తెరిచే అకౌంట్లకు, సంస్థలకు ఈ టోకెన్‌ను రీడ్‌కే పరిమితం చేస్తూ 2023 ఫిబ్రవరిలో గిట్‌హబ్ డిఫాల్ట్ మార్చింది. అప్పటికే ఉన్నవాళ్ల సెట్టింగ్ జోలికి మాత్రం పోలేదు. మీ సంస్థ అంతకంటే పాతది, కాబట్టి ఆ సెట్టింగ్ ఎలా ఉందో మొదట తెరిచి చూడు.

తర్వాత ప్రతి వర్క్‌ఫ్లో ఫైల్ పైభాగాన పర్మిషన్స్ కింద కంటెంట్స్‌కి రీడ్ అని రాసెయ్. ఒక్కదాని పేరు రాశావంటే, రాయని పర్మిషన్లు తీసేసినట్టే లెక్క. అందుకని మర్నాడు ఏదో ఒక జాబ్ ఫెయిలవుతుంది. సాధారణంగా పుల్ రిక్వెస్ట్ మీద కామెంట్ పెట్టే జాబే ముందు ఫెయిలవుతుంది. లాగ్‌లో 403, పక్కనే ‘రిసోర్స్ నాట్ యాక్సెసబుల్ బై ఇంటిగ్రేషన్’ అని కనిపిస్తుంది. పని చెడేది సరిగ్గా ఇక్కడే. రిలీజ్ ఆగిపోయిందన్న తొందరలో ఎవరో ఒకరు రైట్-ఆల్ అని పెట్టేస్తారు, బిల్డ్‌కి గ్రీన్ టిక్ వస్తుంది, ఇక ఆ లైన్ వైపు ఏళ్ల తరబడి ఎవరూ చూడరు. నువ్వు మాత్రం ఆ ఒక్క జాబ్ కిందే, పుల్ రిక్వెస్ట్స్‌కి మాత్రమే రైట్ ఇవ్వు. టెస్టులు నడిపే జాబ్‌కి దాంతో పనే లేదు.

ఇంత పట్టింపు దేనికంటే, 2025 మార్చిలో ఏం జరిగిందో చూడు. పుల్ రిక్వెస్ట్‌లో ఏ ఫైళ్లు మారాయో చెప్పే ‘టీజే-యాక్షన్స్ చేంజ్డ్-ఫైల్స్’ అనే చిన్న యాక్షన్‌ను అప్పట్లో 23,000కు పైగా రిపాజిటరీలు వాడుతుండేవి. దాన్ని చూసుకునే బాట్ తాలూకు పర్సనల్ యాక్సెస్ టోకెన్ దొంగల చేతిలో పడింది. వాళ్లు పాత వెర్షన్ల ట్యాగుల్ని సైతం తమ కోడ్ ఉన్న కమిట్ మీదికి తిప్పేశారు. దాంతో తమ ఫైల్‌లో అక్షరం మార్చనివాళ్ల బిల్డ్‌లో కూడా ఆ కోడ్ నడిచింది. రన్నర్ మెమరీని తవ్వి, దొరికిన సీక్రెట్లను బేస్64లో రెండుసార్లు మార్చి లాగ్‌లోకి రాసింది. పబ్లిక్ రిపాజిటరీల్లో ఆ లాగ్ ఎవరైనా చదవొచ్చు. ట్యాగ్‌కు బదులు 40 అక్షరాల పూర్తి కమిట్ హ్యాష్ ముందే రాసి పెట్టుకున్నవాళ్లు బయటపడ్డారు.

ఇందులో నీ మనసులో నాటుకోవాల్సింది ఆ మెమరీ సంగతి. సీక్రెట్‌ను ఒక్క స్టెప్‌కే ఇచ్చాం, పక్క స్టెప్‌కి కనపడదులే అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ ఒక జాబ్‌లోని స్టెప్పులన్నీ ఒకే మెషీన్ మీద నడుస్తాయి, ఆ జాబ్‌కి అందిన సీక్రెట్లన్నీ అదే రన్నర్ మెమరీలో ఉంటాయి. విడదీయాలంటే జాబ్‌నే విడదీయాలి. బయటి యాక్షన్లు తెచ్చుకుని, వందల ప్యాకేజీలు దింపుకుని టెస్టులు నడిపే జాబ్‌కి రీడ్ తప్ప ఏమీ వద్దు, ఒక్క సీక్రెట్ కూడా వద్దు. పబ్లిష్ చేసే జాబ్ వేరే పెట్టు. అందులో బయటి కోడ్ వీలైనంత తగ్గించి, మనిషి ఆమోదిస్తే గానీ నడవని ఎన్విరాన్‌మెంట్‌కి కట్టు. అన్నట్టు, చెకౌట్ యాక్షన్ కూడా టోకెన్‌ను జాబ్ ముగిసేదాకా డిస్క్ మీద ఉంచుతుంది. తిరిగి పుష్ చేసే పని లేని చోట పెర్సిస్ట్-క్రెడెన్షియల్స్‌ను ఫాల్స్ చెయ్.

ఇక పుల్-రిక్వెస్ట్-టార్గెట్ అనే ట్రిగ్గర్ కనిపిస్తే అక్కడ ఆగి చూడు. పబ్లిక్ రిపాజిటరీకి ఫోర్క్ నుంచి వచ్చే మామూలు పుల్ రిక్వెస్ట్‌కి రీడ్ టోకెనే దొరుకుతుంది, సీక్రెట్లు అందవు. ఈ ట్రిగ్గర్ పెడితే మాత్రం ముక్కూమొహం తెలియనివాళ్లు తెరిచిన పుల్ రిక్వెస్ట్‌కి కూడా వర్క్‌ఫ్లో మన రిపాజిటరీ అధికారంతోనే నడుస్తుంది. 2025 ఆగస్టులో ఎన్‌ఎక్స్ అనే బిల్డ్ టూల్ ప్రాజెక్టుకు దెబ్బ ఇక్కడే తగిలింది. పుల్ రిక్వెస్ట్ టైటిల్‌ను ఉన్నదున్నట్టు షెల్‌లోకి పంపే వర్క్‌ఫ్లో ఉందని కనిపెట్టి, టైటిల్‌లోనే కమాండ్ రాసి పంపారు. ఆ జాబ్ టోకెన్‌కి రైట్ ఉండడంతో, దాని ఆసరాతో పబ్లిష్ వర్క్‌ఫ్లోను నడిపించి ఎన్‌పీఎమ్ టోకెన్ కాజేశారు. ఆ తర్వాత సీక్రెట్లు దొంగిలించే వెర్షన్లు విడుదల చేశారు. ఇందులో నాకు బాగా బాధ కలిగించిన సంగతి ఒకటుంది. ఆ వర్క్‌ఫ్లోలో లోపాన్ని ఎన్‌ఎక్స్ వాళ్లు ముందే గుర్తించి మాస్టర్ బ్రాంచ్ నుంచి తీసేశారు. కానీ అప్పట్లో ఈ ట్రిగ్గర్ పాత బ్రాంచ్‌లోని ఫైల్‌తోనూ నడిచేది. అలా ఓ పాత బ్రాంచ్‌లో మిగిలిపోయిన కాపీతోనే దొంగలు పని కానిచ్చారు. టైటిల్ సరిచూసే జాబ్‌కి రైట్ దేనికి చెప్పు?

అలాగే, ఏడబ్ల్యూఎస్ కీలు సీక్రెట్లలో దాచి ఉంటే, ఓఐడీసీకి మారండి. కాసేపే చెల్లే క్రెడెన్షియల్స్ వస్తాయి. అయితే అక్కడి రోల్ ట్రస్ట్ పాలసీలో రిపాజిటరీ, బ్రాంచ్ పేర్లు తప్పకుండా రాయాలి.

పని నెమ్మదిస్తుందని మీ లీడ్ అంటే వాదనకు దిగకు. అన్ని రిపాజిటరీలూ ఒకేసారి పట్టుకోవద్దు. కస్టమర్లకు వెళ్లే ప్యాకేజీని విడుదల చేసే రిపాజిటరీ ఒక్కటి తీసుకో. ప్రతి జాబ్‌కి ఏ పర్మిషన్, ఎందుకు కావాలో ఆ ఫైల్‌లోనే ఒక్కో లైన్ కామెంట్ రాసి, రివ్యూకి పెట్టి, ఆయనతోనే చదివించు. ఎందుకో రాయలేకపోయిన పర్మిషన్‌ను అక్కడికక్కడే తీసేసి బిల్డ్ నడిపి చూడండి.

బాబాయ్