మొదటి పంట కలిసొచ్చిన మేనల్లుడికి

చిరంజీవి బుజ్జికి,

నీ వనామి రొయ్య పంట బాగా వచ్చిందనీ, కిలోకి 30 కౌంట్ దాకా పెరిగిందనీ అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం రా. మీ అత్తయ్య ఆ సాయంత్రమే గుళ్లో కొబ్బరికాయ కొట్టించింది. ఆ వెనకాలే విన్న మాటలతోనే నాకు నిద్ర పట్టడం లేదు. కాలవ అవతల చెరువులు కూడా లీజుకి మాట్లాడావట. ఈసారి రొయ్యపిల్ల రెట్టింపు వదులుతావట. ఏరేటర్లు అప్పు మీద దించుతున్నావట. కారు కొంటున్నావన్న సంగతి బయటివాళ్ల నోట విన్నాను. అది అబద్ధమే అయివుంటుందిలే.

నష్టం వచ్చినవాడు ఎక్కడ దెబ్బతిన్నాడో వెతుక్కుంటాడు. సీడ్‌కి పీసీఆర్ వైరస్ పరీక్ష చేయించలేదా, వాన పడ్డ రాత్రి ఏరేటర్ ఆగిందా, మేత ఎక్కువైందా అని పడుకున్నా లేచినా అదే ఆలోచిస్తాడు. లాభం వచ్చినవాణ్ని ఎందుకొచ్చిందిరా అని ఎవరూ అడగరు. వాడూ తనని తాను అడుక్కోడు. నీ పంటలో నీ కష్టమెంత, మంచి సీడ్ దొరకడమెంత, ఎండలు నిలకడగా కాయడమెంత, పక్క చెరువులు ఖాళీగా ఉండడమెంత? అది తేల్చుకోకుండా అంతా నా చేతి చలవే అనుకున్నావంటే, ఈ లాభమే వచ్చే పంటకి నీ కొంప ముంచుతుంది.

1990ల మొదట్లో టైగర్ రొయ్య వైభవం నువ్వు చూళ్లేదు. నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా తీరమంతా అదే పిచ్చి. వరి పండే భూముల్లో పొక్లెయిన్లు దిగాయి. పెళ్లి సంబంధాలకి ఎకరాలు అడగడం మానేసి చెరువులెన్ని అని అడిగేవారు. మీ అమ్మకి వచ్చిన ఒక సంబంధంలో పెళ్లికొడుకు తండ్రి కాఫీ కూడా తాగకుండా, "ఉప్పునీళ్లు మీ పొలందాకా వస్తాయా?" అని అడిగాడు. మా నాన్న లేచి గొడుగు ఆయన చేతికిచ్చి పంపించేశారు. ఈ ముక్క మీ నాన్నకి చదివి వినిపించకు.

అప్పుడు మునిగినవాళ్లు సోమరులు కారు. ఒకడు గెలిచాడని పక్కవాడు తవ్వాడు, వాడు గెలిచాడని ఊరంతా తవ్వింది. ఒకరు వదిలిన మురుగునీరే ఇంకొకరి మోటారుకి అందేది. 1994-95లో తెల్లమచ్చల వైరస్ వచ్చేసరికి దానికి దారి మనమే తవ్విపెట్టి ఉంచాం. సోకిన చెరువు వారం పదిరోజుల్లో ఖాళీ అయ్యేది, మందంటూ లేదు. పొద్దున్నే గట్టు మీద కాకులు గుమిగూడాయంటే ఇంట్లో ఆడవాళ్లకి కూడా సంగతి అర్థమైపోయేది. మనకంటే ముందు తైవాన్‌లో జరిగిందీ ఇదే. 1987లో టైగర్ రొయ్యలో ప్రపంచానికే పెద్ద పేరు వాళ్లది, 1988కల్లా రోగాలతో కుప్పకూలారు. ఆ కథ తెలిసినవాళ్లు మన దగ్గరా ఉన్నారు. పండుతున్నన్నాళ్లూ ఎవరు వింటారు?

1996 డిసెంబరులో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009లో వనామికి అనుమతి, ఇవన్నీ నీకు తెలిసినవే. వ్యాధి లేని సీడ్ కొన్నానని నువ్వు ధైర్యంగా ఉన్నావట. ఆ పిల్ల రోగం లేకుండా వస్తుంది, అంతవరకే. మన కాలవలో ఉన్న రోగం దానికి అంటదని ఎవరూ హామీ ఇవ్వలేదు. చదరపు మీటరుకి 60 పిల్లలు అని అథారిటీ పెట్టినది దాటొద్దన్న గీత. ఎకరానికి రెండు లక్షల నలభై వేలు వదలమని ఎవరూ నీకు చెప్పలేదు.

ఇక అసలు సంగతి, మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే. ఈమధ్య నువ్వు గట్టు మీదికే పోవడం లేదనీ, కాపలా కుర్రాడు ట్రే ఫోటో వాట్సాప్‌లో పెడితే ఇంట్లో కూర్చుని చూస్తున్నావనీ తెలిసింది. లీజు కంటే, అప్పు కంటే నాకు ఇదే ఎక్కువ భయంగా ఉంది. మేత వేసిన రెండు గంటలకి ట్రే నువ్వే లేపాలి. మేత మిగిలిందా చూడాలి. రొయ్యని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పేగు తల నుంచి తోక దాకా నిండుగా గీతలా కనబడాలి. మధ్యలో తెగినా, తెల్లబడినా ఆ పూట మేత ఆపి ల్యాబుకి పరిగెత్తాలి. గుల్ల మెత్తబడిందని వేళ్లకి తెలుస్తుంది, అడుగు చెడిందని ముక్కుకి తెలుస్తుంది, ఫోటోలో ఈ రెండూ ఉండవు. ట్రే చూడకుండా మేత వేసేవాడు కళ్లు మూసుకుని రోడ్డు దాటేవాడితో సమానం. "పిల్లాడికి రాస్తున్నారా, ట్రేకి రాస్తున్నారా?" అని మీ అత్తయ్య నవ్వుతోంది. నవ్వనీ. నువ్వు స్వయంగా ట్రే లేపగలిగినన్ని చెరువులే నీవి, అంతకు మించి ఒక్కటి లీజుకి తీసుకున్నా అది కాపలా కుర్రాడిది.

నీ మీద నమ్మకం లేక కాదురా ఇదంతా. ఉద్యోగం వదిలి వచ్చినప్పుడు నలుగురూ నవ్వితే, నువ్వు నోరెత్తకుండా పనిచేసి చూపించావు. బెంగళూరులో ఏసీలో కూర్చోవలసినవాడివి అర్ధరాత్రి బురదలో నిలబడి జనరేటర్ బాగుచేస్తుంటే చూశాను. నాకెంత గర్వంగా అనిపించిందో అక్కకి కూడా చెప్పలేదు. తిండి వేళకి తింటున్నావా? చిక్కిపోయావంటోంది అక్క.

రేటు కూడా మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యలో ఏ లోపమూ లేని రైతు కూడా గట్టు మీద నిలబడి రేటు కోసం ఫోన్లు చేసుకున్నాడు. అందుకని ముందు మేత కొట్టు బాకీ పూర్తిగా తీర్చేయ్. ఒక పంట నష్టానికి సరిపడా డబ్బు అక్క పేరున బ్యాంకులో వెయ్యి. చెరువు నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టు. నీళ్లు ఎవరు ఏ రోజు వదులుతారో పక్క చెరువులవాళ్లతో కూర్చుని మాట్లాడుకో. పిల్ల మొన్నటంతే వదులు. రెండో పంట కూడా నిలబడితే లీజు సంగతి నేనే వచ్చి మాట్లాడతాను.

ఈ ఉత్తరం చదివి కోపమొస్తే ఫోన్ చేసి పోట్లాడు, పడతాను. కాగితాల మీద సంతకం మాత్రం ఆ పోట్లాట అయ్యాకే.

మీ మావయ్య