రోజుకు రెండు పేజీలు

"పుస్తకం మొదలుపెడతాను మేడమ్, యాభై పేజీల దగ్గర ఆగిపోతాను. టైమ్ దొరకదు" అని చెప్పేవాళ్లు నాకు తరచూ తారసపడతారు. నేను అనువాదకురాలిని. పొద్దస్తమానం చదవడమే నా పని. అయినా నా చేతి మీదుగా తెలుగులోకి దిగేవి రోజుకు రెండు పేజీలే. మూడు వందల పేజీల నవలకు అయిదు నెలలు పడుతుంది, దిద్దుకోవడానికి ఇంకో రెండు నెలలు. ఇంత నిదానంగా చదివే అలవాటు నాకు పుస్తకాలతో పాటు మనుషుల్ని వినడం కూడా నేర్పింది. అందుకే అనువాదం జోలికి ఎన్నడూ పోనివాళ్లు కూడా ఇది పట్టుకోవాలని కోరుకుంటాను.

ముందుగా ఒకటి చెయ్యండి: తెలిసిన మాటను అనుమానించండి. తెలియని మాట ఎదురైతే ఎలాగూ నిఘంటువు తీస్తాం. తెలుసులే అనుకుని దాటేసిన మాట దగ్గరే బోల్తా పడతాం.

ఇంగ్లీషులో 'యూ' అన్న మాటే చూడండి. నేను తెలుగు చేసిన ఒక నవలలో మొదటి అధ్యాయంలో ఇద్దరు రైల్వే స్టేషన్‌లో పరిచయమవుతారు. చివరికొచ్చేసరికి వాళ్లు భార్యాభర్తలు. మూలంలో మొదటినుంచి చివరిదాకా అదే 'యూ'. తెలుగులో అలా కుదరదు కదా! మొదట 'మీరు' అనుకుంటారు, సరే. 'నువ్వు'లోకి ఎప్పుడు దిగుతారు? ముందు ఎవరు దిగుతారు? దీని కోసం నాలుగు రోజులు నవలంతా వెనక్కీ ముందుకీ తిరగేశాను. ఒకచోట ఆమె మాట్లాడుతూనే, అడక్కుండా, అతని కంచంలోంచి రొట్టె ముక్క తీసుకుంటుంది. రచయిత దాని మీద ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యలేదు. నేనూ మొదటి రెండుసార్లు చదివినప్పుడు దాన్ని గమనించనే లేదు. ఆ వాక్యం తర్వాత ఆమె చేత 'నువ్వు' అనిపించాను. అతను ఇంకో పదిహేను పేజీలు 'మీరు' అంటూనే ఉన్నాడు. మొదటిసారి గొడవపడ్డ రోజున అతని నోటి నుంచి 'నువ్వు' వచ్చింది. అదే రాత్రి ఆమె మళ్లీ 'మీరు'లోకి వెళ్లిపోయింది. అక్కడ ఆమె కోపం ఎంతో చెప్పడానికి నాకు ఇంకో మాట అవసరం పడలేదు.

ఇలా చదవడం అలవాటయ్యాక ఇంట్లోనూ ఆఫీసులోనూ చెవులు వాటంతటవే తెరుచుకుంటాయి. నిన్నటిదాకా 'ఒరేయ్' అన్న స్నేహితుడు ఇవాళ 'ఏమండీ' అన్నాడంటే ఏదో జరిగింది. అది పట్టుకోగలిగితే సగం తగాదాలు ముదరకముందే ఆపొచ్చు.

ఇక టైమ్ సంగతి. తెనాలికి చెందిన ఆలూరి వెంకట సుబ్బారావు, మనందరికీ తెలిసిన చక్రపాణి, 1930లలో క్షయతో మదనపల్లె శానిటోరియంలో చేరారు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. అంతకుముందు క్షయకు మంచిగాలి, తిండి, విశ్రాంతి తప్ప గట్టి మందు లేదు. రేపేమవుతుందో తెలియని ఆ మంచం మీద ఆయన తోటి రోగి దగ్గర బెంగాలీ నేర్చుకున్నారు. తర్వాత బెంగాలీ రచయిత శరత్ నవలల్ని తెలుగు చేశారు. శరత్ బాబు తెలుగువాడే అనుకున్న పాఠకులు మన ఇళ్లలో ఎందరో. ఉప్పల లక్ష్మణరావు 1898లో పుట్టారు, వృక్షశాస్త్రం చదువుకున్నారు. అరవై దాటిన వయసులో మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాల్ని తెలుగు చేశారు, రష్యన్-తెలుగు నిఘంటువు కూర్చారు. టైమ్ లేదు, వయసు మించిపోయింది, ఇప్పుడేం నేర్చుకుంటాం అనిపించిన రోజున నేను ఈ ఇద్దర్నీ తలుచుకుంటాను.

పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు ఇరవై నిమిషాలు తెలుగు పైకి చదువుతాను. శ్రీపాద ఒక వారం, యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు' ఒక వారం, రావిశాస్త్రి, నామిని. గోదావరి యాస, తెలంగాణ పలుకు, విశాఖ వీధులు, చిత్తూరు పల్లెలు వంతులవారీగా నోట్లో నానాలి. పైకే చదవాలి సుమా! కంటికి నున్నగా కనబడ్డ వాక్యం నాలుక మీదికి వచ్చేసరికి ఎక్కడ తట్టుకుంటుందో తెలిసిపోతుంది. ఉద్యోగానికి దరఖాస్తు రాసినా, పెళ్లి సంబంధం విషయమై ఉత్తరం రాసినా, పంపే ముందు ఒకసారి పైకి చదువుకోండి. ఇది మాత్రం తప్పనిసరి.

అడగడానికి మొహమాటపడకండి. ఒక నవలలో నేతపని ఉంటే నేను 'నూలు చుట్టిన చిన్న గొట్టం' అని రాసి తృప్తిపడ్డాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా సేకరించిన మాటలతో తయారైన మాండలిక వృత్తిపదకోశం నా అల్మరాలోనే ఉంది. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వచ్చాయి. తెరిచి చూడ్డానికి బద్ధకించాను. తర్వాత మంగళగిరిలో ఒక మగ్గం పక్కన కూర్చుని నా అనువాదంలోని ఆ పేజీ చదివి వినిపించాను. నేసే పెద్దాయన చెయ్యి ఆపకుండానే విన్నాడు.

"గొట్టం ఏంటమ్మా, కండె! నాడెలో కండె లేకపోతే పేక ఎక్కడ్నుంచి వస్తది?" అన్నాడు. నాడె బయటికి తీసి, అయిపోయిన కండె తీసేసి, కొత్తది పెట్టి, దారం కొస లాగి, మళ్లీ విసిరాడు. మూడు మాటలూ నా కళ్ల ముందే జరిగిపోయాయి. ఇంటికొచ్చి ఆ పేరా మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను. నా వాక్యం సగానికి తగ్గింది.

అప్పటినుంచి జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం నాతో ఉంటుంది. వడ్రంగి, కుండలు చేసేవాళ్లు, బస్సులో పక్క సీటు ముసలమ్మ, ఎవరి నోట మంచి మాట వినబడినా తేదీ వేసి రాసుకుంటాను. రాత్రి పడుకునే ముందు ఆ రోజు చదివిన పేజీ మూసేసి, అందులో ఏముందో మా అమ్మకు నా మాటల్లో చెబుతాను. ఆమె "అయితే?" అని అడిగితే నాకు ఆ పేజీ సరిగా అర్థం కాలేదని లెక్క. మర్నాడు అక్కడినుంచే మొదలుపెడతాను.

మీ ఇంట్లో వినేవాళ్లు ఎవరున్నారో చూసుకోండి. రెండు పేజీలు కాకపోతే అర పేజీ చదవండి, చదివింది వాళ్లకు చెప్పండి.